ఘాట్ దిగే ముందు



మైకు పక్కన బల్లమీద ఒక కడపరాతి పలక పెట్టుకున్నాను. నా దగ్గర అరచేతిలో ఇమిడేటంత వస్తువులు రెండు ఉన్నాయి. వాటిని ఒకదాని తరువాత ఒకటి ఈ రాతిమీద గీస్తాను. కొంచెం చెవి ఒగ్గి వినండి.

(మొదటి చప్పుడు)

ఇది ఒకటి. మెత్తగా, బొంగురుగా ఉన్నది. పిల్లలు పలకమీద సుద్దముక్కతో రాసినట్లున్నది.

(రెండవ చప్పుడు)

ఇది రెండవది. గరగరమని గీరుకున్నది. విన్నవారికి పళ్లు జివ్వుమని ఉంటాయి.

మొదటిది కారు బ్రేకులో వేసే కొత్త ప్యాడ్. రెండవది కూడా ప్యాడే. కాని అరిగి అరిగి, పైనున్న లైనింగ్ అంతా హరించిపోయి, వెనుకనున్న ఇనుపరేకు బయటపడింది. ఈ రెండవ చప్పుడును నేను మొట్టమొదట విన్నది ఈ గదిలో కాదు. నల్లమలలో, ఘాట్ రోడ్డు మీద, కారు నిండా మనుషులతో దిగుతుండగా విన్నాను.

చాలా ఏండ్ల క్రిందటి మాట. నంద్యాల నుండి బయలుదేరి, గాజులపల్లె దాటి అడవిలో ప్రవేశించి, గిద్దలూరులో బంధువుల ఇంట శుభకార్యానికి పోతున్నాము. వెనుక సీటులో మా అత్తగారు, ఆమె ఒడిలో మా చిన్నపాప. అంతకు నెల రోజుల ముందే ఆ కారును ఒక షెడ్డులో మరమ్మతుకు ఇచ్చి తెచ్చుకున్నాను. బ్రేకులు చూశాము, బాగున్నాయి అని వాళ్లు చెప్పారు. నేను నమ్మాను. చక్రం విప్పి చూపించమని అడగలేదు.

కొండ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. దిగువమెట్ట వైపు వాలు మొదలైన తరువాత, మూడవ మలుపులోనో నాలుగవ మలుపులోనో, ముందు కుడిచక్రం దగ్గర ఇప్పుడు మీరు విన్న చప్పుడు పుట్టింది. దానితోపాటు కాలిన గోనెసంచి వాసన వంటి వాసన ఒకటి లోపలికి వచ్చింది. "ఏం నాయనా, బండి ఎందుకట్లా అరుస్తాంది?" అని మా అత్తగారు అడిగింది. నేను బదులు చెప్పేలోగానే, బ్రేకు పెడల్ తన గట్టిదనాన్ని కోల్పోయి, తడిసిన దూదిమూటమీద అడుగు వేసినట్లు నా కాలికింద లోపలికి దిగిపోయింది.

గేరు రెండవదానికి దించాను. ఇంజను గుర్రుమని మొరాయిస్తూ బండిని పట్టి ఉంచింది. రోడ్డు పక్కన చదునైన చోటు ఒకటి కనిపిస్తే అక్కడికి చేర్చి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకింద రాళ్లు పెట్టి, గంటసేపు చెట్టునీడన కూర్చున్నాము. చల్లారిన తరువాత పెడల్ మళ్లీ గట్టిపడింది. రెండవ గేరులోనే, బండిని వేగం పుంజుకోనీయకుండా దిగి, గిద్దలూరు చేరాము. అక్కడ చక్రం విప్పిన కుర్రవాడు లోపలి ప్యాడ్‌ను నా చేతిలో పెట్టి, "ఇనుము ఇనుమును తింటాంది సార్. దీంతోనే కొండ దిగినారా?" అన్నాడు. ఆ ప్యాడే ఇది. ఆనాటినుండి నా రాతబల్లమీద ఉన్నది.

శ్రోతలారా, ఈనాడు నేను చెప్పదలచినది ఒక్కటే విషయం. బ్రేకు చాలావరకు హఠాత్తుగా చెడిపోదు. ముందుగా చెప్పి మరీ చెడిపోతుంది. చెవికి చెబుతుంది, కాలికి చెబుతుంది, ముక్కుకు చెబుతుంది. ఆ మాట విని, ఘాట్ దిగకముందే చక్రం విప్పించి చూసుకోవాలి.

మన సీమలో ఘాట్ తప్పించుకుని తిరగగలవారు తక్కువ. కర్నూలు నుండి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరి శ్రీశైలం పోవాలంటే నల్లమల ఎక్కిదిగాలి. కడప నుండి రాయచోటికి పోవాలంటే, పాలకోవకు పేరుపడిన గువ్వలచెరువు ఊరి పేరిటనే ఉన్న ఘాట్ దాటాలి. ఆ ఊరి పేరు కోవవల్ల ఎంత వినబడుతుందో, ప్రమాదవార్తలవల్ల కూడా అంతగానే వినబడుతూ ఉండటం మనసును కలచే సంగతి. సమతలమైన రేగడి దారిలో బ్రేకు లోపం ఏండ్ల తరబడి దాగి ఉంటుంది. కొండవాలులో అరగంటలో బయటపడుతుంది.

ఎందుకు? దీనికి మన పూర్వుల యాత్ర ఒకటి తలచుకుందాము. మోటారు దారులు లేని కాలంలో శ్రీశైల యాత్రికులు ఆత్మకూరు దాటి నాగలూటి చేరి, అక్కడినుండి పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దారిన కాలినడకన పోయేవారు. పద్నాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఉగాది వేళ కన్నడదేశపు భక్తులు ఈనాటికీ అడవిదారిన నడిచి వస్తూనే ఉన్నారు. ఆ మెట్లెక్కిన వారిని అడగండి. ఎక్కేటప్పుడు శ్రమ గుండెది. దిగేటప్పుడు శ్రమ మోకాలిది. దిగటం సుఖమనుకుంటాము గాని, మెట్టు మెట్టుకూ శరీరభారమంతా ముందుకు దూకబోతూ ఉంటే దానిని పట్టి నిలపవలసినది మోకాలే కనుక, సాయంకాలానికి వాచిపోయేది మోకాలే. కారుకు ఆ మోకాలు బ్రేకు ప్యాడ్.

బ్రేకు బండిని ఆపుతుందని అంటాము. నిజమే. కాని ఆపిన వేగం ఏమైపోతుంది? ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వెచ్చబడటం ఎట్లాగో ఇదీ అట్లాగే. వెయ్యి కిలోల బరువుగల చిన్నకారు ఒకటి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతూ, దారికి అడ్డంగా గొర్రెలమంద వచ్చినందువల్ల పూర్తిగా నిలిచిపోయిందనుకోండి. ఆ కొద్ది క్షణాలలో దాని బ్రేకులలో పుట్టిన వేడినంతా ఒకచోట కూర్చి పొయ్యికింద పెట్టగలిగితే, అరలీటరు పైచిలుకు చన్నీళ్లు తెర్లిపోతాయి. ఇది ఒక్కసారి ఆగినందుకు. వేగం రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మళ్లీ చెబుతున్నాను. వేగం రెండింతలు, వేడి నాలుగింతలు.

సమతలంలో ఒకసారి ఆగిన తరువాత ఇనుము గాలికి చల్లారటానికి వ్యవధి ఉంటుంది. ఘాట్‌లో ఆ వ్యవధి లేదు. ఒక మలుపు వేడి ఆరకముందే ఇంకొక మలుపు వస్తుంది. వైశాఖమాసంలో నలభై డిగ్రీలు దాటిన మన గాలి చల్లార్చేది కూడా అంతంతమాత్రమే.

ఇక ఈ బ్రేకు లోపల ఏమున్నదో చూద్దాము. సైకిలు ఎరుగని వారుండరు. దాని బ్రేకు లాగితే రెండు రబ్బరు ముక్కలు రిమ్మును రెండు వైపులా పట్టుకుంటాయి. కారులోనూ అంతే. రిమ్ముకు బదులు చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం ఉంటుంది, దానిని డిస్కు అంటాము. రబ్బరు ముక్కలకు బదులు ప్యాడ్లు ఉంటాయి. వాటిని ఇరువైపులనుండి నొక్కిపట్టే దవడ వంటి భాగం కాలిపర్. చేతితో లాగే తీగకు బదులు గొట్టాలలో బ్రేక్ ఆయిల్ ఉంటుంది. చాలా చిన్నకార్లలో ముందుచక్రాలకు డిస్కులు, వెనుకచక్రాలకు డ్రమ్ములు అనే మరొక రకం బ్రేకులు ఉంటాయి. ఒకప్పటి అంబాసిడర్‌కు చిరకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. రెండింటిలో మంచిదైన డిస్కును ముందుకు పెట్టటానికి కారణమేమిటో ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణం చేసినవారికి చెప్పనక్కరలేదు. డ్రైవరు బ్రేకు వేయగానే జనమంతా ముందుకు తూలినట్లు, బండి బరువు కూడా ముందుచక్రాలమీదికి ఒరుగుతుంది. అందుచేత ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి.

డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే పేటెంటు పొందాడు. అయినా 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పరుగుపందెంలో డిస్కులు బిగించిన జాగ్వార్ కార్లు గెలిచేదాకా లోకం దానిని అంతగా పట్టించుకోలేదు. ప్యాడ్ మీది లైనింగ్ కథ ఇంకా పాతది. 1897 ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే అతడు, కొండదారులలో గుర్రపుబండ్లవాళ్లు బ్రేకు చెక్కలకు పాతబూట్ల అట్టలు కొట్టుకోవటం చూసి, ఆ ఆలోచనతో రాపిడికి నిలిచే దిమ్మెలు తయారుచేయటం మొదలుపెట్టాడని చెబుతారు. ఫెరోడో అనే పేరు వెలసింది అతనివల్లనే. మన చెప్పుల అట్ట అరిగిపోతే మేకులు పైకి వచ్చి బండమీద గీరుకుంటాయి కదా. ఇందాక మీరు విన్న రెండవ చప్పుడు అదే జాతికి చెందింది.

కొత్త ప్యాడ్ మీద లైనింగ్ సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. బండినిబట్టి కొంత ఎక్కువ తక్కువలున్నాయి. అది అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు మార్చివేయాలి. కొలబద్ద లేకపోతే రెండు రూపాయి నాణేలను ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. దాదాపు అంత మందం. గుర్తుంచుకోండి. రెండు రూపాయి నాణేల మందం. వెనుకనున్న ఇనుపరేకును కలుపుకోకుండా, లైనింగ్ మాత్రమే అంత. ఘాట్ ప్రయాణం తలపెట్టినవారు ఆ హద్దుదాకా కూడా ఆగవద్దని నా అభిప్రాయం. ఇంటిముందర స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం కంతలలోనుండి టార్చిలైటు వేస్తే చాలా బండ్లలో బయటి ప్యాడ్ కనబడుతుంది. కాని నన్ను మోసగించింది లోపలి ప్యాడ్. అది బయటికి కనబడదు. కనుకనే చక్రం విప్పించండి అని అంటున్నాను.

ఇక బ్రేకు పలికే మాటలు. మొదట చెవికి చెప్పేవి. కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి అమర్చి ఉంటుంది. లైనింగ్ పలచబడగానే అది డిస్కుకు తగిలి సన్నగా కీచుమంటుంది. అప్పటికింకా లైనింగ్ మిగిలే ఉంటుంది, మార్చుకోమని పిలుపు అది. ఆ పిలుపు వినకపోతే కొన్నాళ్లకు కీచు పోయి గరగర మొదలవుతుంది. గరగరమన్నదంటే ఇనుము ఇనుమును తింటున్నదన్నమాట. అప్పుడిక ప్యాడ్లతో పోదు, డిస్కు కూడా గాట్లుపడి పాడవుతుంది. అయితే అన్ని కీచులూ అరుగుదలవి కావు. వానకు తడిసిన బండిలో ఉదయంపూట రెండు మూడు నొక్కులదాకా వినబడి పోయేది డిస్కుమీద రాత్రి పట్టిన తుప్పుపొర చప్పుడు, దానికి భయపడవద్దు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాతి లారీల వెనుక తిరిగే బండ్లకు రాతిదుమ్ము ప్యాడ్ల నడుమ చేరి కూడా గీరుతుంది. అట్టి బండ్లవారు అందరికన్న తరచుగా చక్రం విప్పి చూసుకోవాలి.

తరువాత కాలికి, చేతికి చెప్పేవి. బ్రేకు నొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతున్నదా? ఎద్దులబండి తోలినవారు ఎడమ ఎద్దు పగ్గం బిగించి బండిని ఎడమకు తిప్పుతారు. ఇదీ అంతే. ఏ వైపు గట్టిగా పట్టిందో ఆ వైపుకే బండి తిరుగుతుంది. ఎడమకు లాగితే కుడివైపు బ్రేకు సరిగా పట్టటం లేదేమో చూడండి. ముందుగా టైర్లలో గాలి సమంగా ఉన్నదో లేదో కూడా చూడండి. నొక్కినప్పుడల్లా పెడల్ లయగా అదురుతున్నదంటే డిస్కు మందం అంతటా సమంగా లేదని అర్థం. ఇక్కడ ఒక సంగతి. 2019 ఏప్రిల్ నుండి మనదేశంలో అమ్మే కొత్తకార్లన్నింటికీ చక్రాలు బిగిసి జారకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అట్టి కారులో ఆపత్సమయాన గట్టిగా నొక్కితే పెడల్ దడదడ కొట్టుకుంటుంది. అది లోపం కాదు. బెదిరి కాలు తీయవద్దు.

ముక్కుకు చెప్పేది కాలిన వాసన. ఘాట్‌లో వస్తే బ్రేకులు మితిమీరి కాగినాయని అర్థం. మరి మట్టసమైన రోడ్డుమీద, బ్రేకు అంతగా వాడకుండానే వస్తే? ఏదో ఒక చక్రంలో ప్యాడ్ వదలకుండా పట్టుకుని ఉన్నది. బండి ఆపి, ఇంట్లో ఆడవాళ్లు పెనం కాగిందో లేదో అరచేయి దగ్గరగా పెట్టి చూస్తారే, అట్లా నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి. తాకవద్దు. ముందు రెండింటిలో ఒకటి మాత్రమే సెగలు కక్కుతున్నదంటే దొంగ అక్కడే ఉన్నాడు.

అన్నింటికన్న ప్రమాదకరమైనది పెడల్ మెత్తబడటం. ఆనాడు ఘాట్‌లో నాకు జరిగింది అదే. దీనికి బ్రేక్ ఆయిల్ సంగతి చెప్పాలి.

వంటింట్లో ఉప్పుజాడీ మూత తీసిపెడితే వానాకాలంలో ఏమవుతుంది? ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడుతుంది. బ్రేక్ ఆయిల్‌ది కూడా అదే స్వభావం. గాలిలోని తేమను అది క్రమక్రమంగా పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వేడికైనా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చిన తరువాత అది 140 డిగ్రీలకే మరగవచ్చు. ఘాట్ దిగేటప్పుడు కాలిపర్ దగ్గర పుట్టే వేడికి ఆ పాత ఆయిల్ మరిగి, గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఒక ఇంజెక్షన్ సిరంజి తీసుకుని, నీళ్లు నింపి, మొన వేలితో మూసి నొక్కండి. కదలదు. గాలి నింపి నొక్కండి. దిగిపోతుంది. మీ కాలి బలం చక్రందాకా పోకుండా ఆవిరి బుడగలను నలపటానికే సరిపోతుంది. గంటసేపు చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ గట్టిపడుతుంది. గట్టిపడింది కదా అని మరచిపోవద్దు. నా కారులో ఆ ఆయిల్ ఎన్నేండ్లనాటిదో చెప్పగలవారే లేకపోయారు. రెండేండ్లకొకసారి పూర్తిగా మార్పించండి. బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉంటే ఆ రకమే పోయించండి. ఇంజను ఆయిల్ పొరపాటున కూడా పోయవద్దు. లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకులు మొత్తంగా పాడవుతాయి.

మరొక మాట. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందంటే వెంటనే పోసి నింపి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగినకొద్దీ కాలిపర్ లోపలి పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ పోతుంది, పైన మట్టం దిగుతుంది. ప్యాడ్లు మందంగానే ఉన్నాయి, అయినా తగ్గుతున్నదంటే మాత్రం ఎక్కడో కారుతున్నది. మెకానిక్ చూడందే ఆ బండి కదలరాదు.

ప్యాడ్లు మార్చటం గొప్ప విద్య కాదు. అయినా మొదటిసారి తెలిసినవారి పక్కన నిలబడి చేయండి. మీరు చేయకపోయినా, మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడటానికైనా ఈ క్రమం తెలిసి ఉండాలి.

బండిని గట్టినేలమీద నిలపండి. మన రేగడినేల జాకీని మింగేస్తుంది. తప్పకపోతే కింద మందమైన చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు లాగి, వెనుకచక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. బండి లేవకముందే చక్రం నట్లను కొంచెం వదులు చేసుకోండి. తరువాత జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టండి. జాకీని ఒక్కదానిని నమ్మి బండికింద తల పెట్టరాదు. ఈ మాట రెండుసార్లు చెబుతాను. జాకీని ఒక్కదానిని నమ్మరాదు.

చక్రం తీయగానే నల్లని బ్రేకు దుమ్ము కనబడుతుంది. నోటితో ఊదవద్దు. ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాతకాలపు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి. కాలిపర్ కింది బోల్టు విప్పితే కాలిపర్ తలుపులాగా పైకి లేస్తుంది. పూర్తిగా ఊడదీయవలసివస్తే తీగతో పైన కట్టివేయండి. రబ్బరు గొట్టంమీద దాని బరువు పడనీయరాదు. పాత ప్యాడ్లు తీసి పక్కన పెట్టండి. ఏది లోపలిదో ఏది బయటిదో గుర్తు పెట్టుకోండి. దాని అవసరం చివర చెబుతాను.

కాలిపర్ అటూఇటూ జారే పిన్నులు రెండుంటాయి. అవి సులువుగా జారుతున్నాయా చూడండి. ఎండిపోయి ఉంటే తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజు పలచగా రాయండి. ఇప్పుడు పిస్టన్‌ను వెనుకకు నొక్కాలి, కొత్త ప్యాడ్ మందం కనుక చోటు కావాలి. పాత ప్యాడ్‌ను ఆనించి, సీ క్లాంపుతో నిదానంగా నొక్కండి. అట్లా నొక్కేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుందేమో ఒక కన్ను వేసి ఉంచండి. రంగుమీద ఒలికితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి. వెనుకచక్రాల డిస్కులకు, ముఖ్యంగా మీట నొక్కితే పడే హ్యాండ్ బ్రేకు ఉన్న బండ్లకు, ఈ పద్ధతి పనికిరాదు. అది తెలిసినవారికే వదలాలి.

డిస్కును వేలితో తడిమి చూడండి. అంచున గట్టు లేచిందా? లోతైన గాట్లున్నాయా? డిస్కుకు కనీసం ఎంత మందం ఉండాలో సాధారణంగా దానిమీదనే ముద్రించి ఉంటుంది. అంతకు తగ్గితే డిస్కు కూడా మార్చవలసిందే. కొత్త ప్యాడ్ల ముఖానికి గ్రీజు గాని, నూనెచేతులు గాని తగలనీయవద్దు. నట్లను ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించండి.

ఒక పక్క ప్యాడ్లు మార్చి రెండవ పక్క పాతవి ఉంచటం తగదు. ఒక కాడికి ఒక బలిష్ఠమైన ఎద్దును, ఒక బక్క ఎద్దును కడతామా? కుడి ఎడమలు రెండూ కలిపి మార్చాలి. ఖర్చు చూసి వెనుకాడవద్దు. డిస్కులు పాడైతే అయ్యే ఖర్చుముందు ఇది చిన్నది.

అంతా బిగించిన తరువాత, బండి కదలకముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. చాలామంది మరచేది ఇదే, మరచిన మరుక్షణమే బండి ఎదుటి గోడకు గుద్దుకుంటుంది. పిస్టన్‌ను వెనుకకు నొక్కాము కదా, అందువల్ల మొదటి నొక్కుకు పెడల్ కిందిదాకా పోతుంది, బ్రేకు పట్టదు. కనుక ఉన్నచోటనే నిలిచి, పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలి. ఆ తరువాతనే గేరు వేయాలి. కొత్త ప్యాడ్ డిస్కుతో పొందిక పొందటానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అందాకా హఠాత్తుగా నొక్కే అవసరం రాకుండా నడపండి. పొద్దున ప్యాడ్లు వేయించి సాయంకాలం శ్రీశైలం బయలుదేరటం మంచి ఆలోచన కాదు.

ఇప్పుడు ఘాట్ దగ్గరికి వచ్చాము. మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్ ఉన్నా, దిగే పద్ధతి తెలియకపోతే అవి కూడా ఓడిపోతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు బండిని పట్టి ఉంచే భారంలో అధికభాగం ఇంజను వహిస్తుంది, బ్రేకుకు విశ్రాంతి దొరుకుతుంది. కాలు బ్రేకుమీదనే మోపి ఉంచి జారుకుంటూ పోవద్దు. నొక్కవలసినచోట గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే వదిలివేయండి. చేదబావి తాడును చేతుల నడుమ జారనిస్తే అరచేయి బొబ్బలెక్కుతుంది. పట్టి వదిలి, పట్టి వదిలి దింపితే ఎక్కదు.

పెట్రోలు మిగులుతుందని వాలులో న్యూట్రల్ చేసేవారు, ఇంజనే ఆపివేసేవారు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. చేతులు జోడించి చెబుతున్నాను, ఆ పని చేయవద్దు. ఇంజను ఆగితే బ్రేకుకు బలమిచ్చే బూస్టరు రెండు మూడు నొక్కులతో ఖాళీ అవుతుంది. ఆపై పెడల్ రాయిలాగా బిగుసుకుంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. పెట్రోలు మిగలటం కూడా భ్రమ. ఈనాటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజనుకు పెట్రోలు పోవటమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజను తిరగటానికి పెట్రోలు ఖర్చవుతుంది.

పాత ప్యాడ్లు పక్కన పెట్టమన్నాను. మెకానిక్ చేత మార్పించినా, అవి అడిగి చేతికి తీసుకోండి. వైద్యుడు నాడి చూసినట్లు వాటిని చూడండి. లోపలిదీ బయటిదీ సమంగా అరిగితే అంతా సవ్యంగా ఉన్నది. లోపలిది పూర్తిగా పోయి బయటిది సగం మిగిలి ఉంటే పిన్నులు బిగిసి కాలిపర్ జరగటం లేదు. కొత్త ప్యాడ్లు వేసినా అదే గతి పడుతుంది. ఒక చివర మందంగా, ఒక చివర పలచగా చీలిక మాదిరి అరిగితే కాలిపర్ వంకరగా పట్టుతున్నది. ముఖం అద్దంలాగా మెరుస్తూ గట్టిపడి ఉంటే ఎప్పుడో మితిమీరి కాగింది.

నా బల్లమీది ప్యాడ్‌కు జత అయిన బయటి ప్యాడ్‌ను కూడా ఆనాడు గిద్దలూరు కుర్రవాడు నాకిచ్చాడు. దానిమీద లైనింగ్ ఇంకా 5 మిల్లీమీటర్లు ఉన్నది. చక్రం కంతలోనుండి ఎవరు చూసినా బాగున్నదనే అంటారు. పిన్ను ఒకటి తుప్పుపట్టి బిగిసింది. అది విప్పి, తుడిచి, గ్రీజు రాయటానికి అతనికి పట్టిన కాలం పది నిమిషాలు.